పక్క గుమ్మం

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర మామయ్య చెయ్యి ఆపి, "ఇంటి పని మళ్ళీ మొదలుపెట్టిద్దాం" అన్నారు.

అత్తయ్య తలెత్తలేదు. విననట్టే గిన్నె మీద మూత సర్దింది. నేను మాత్రం కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను. ఆ ఇంటి మాట మా ముగ్గురి మధ్యా వచ్చి అప్పటికి చాలా రోజులైంది.

మా ఆయన పోయేనాటికి ఆ ఇంటి గోడలు కిటికీల ఎత్తుకి లేచి ఉన్నాయి. చలికాలంలో ఒక ఉదయం, పనికి బయల్దేరడానికి బూట్లు వేసుకుంటూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గోడకి ఒరిగిపోయారు. రెండో బూటు ఆయన చేతిలోనే ఉంది. ఏమీ చెప్పలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. అక్కడ ఇటుకలు పేరుస్తున్నవాళ్ళు కబురు విని తాపీలు కడుక్కుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరూ వాళ్ళని పిలవలేదు.

"దగ్గరుండి ఎవరు చూస్తారు?" అంది అత్తయ్య. "నేనైతే అటు అడుగు పెట్టను."

మామయ్య తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. పదవీ విరమణ దాకా బస్సు నడిపిన మోకాళ్ళవి. ఒకటి బ్రేకుకి, రెండోది క్లచ్చుకి అరిగిపోయాయని ఆయనే అనేవారు. మా మరిదిది వేరే ఊళ్ళో ఉద్యోగం, ఎప్పుడో నెలకోసారి వస్తాడు. ఇక మిగిలింది నేను. రక్తపరీక్షల ల్యాబ్‌లో నాది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నంతా ఖాళీ. ఆ ఖాళీని గడపడమే అప్పట్లో నాకు పెద్ద పని.

"నేను చూస్తాను మామయ్యా" అన్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికే మేస్త్రి వచ్చి ఉన్నాడు. పనివాళ్ళంతా ఆయన్ని గొణుగుడు మేస్త్రి అంటారు. ఇటుక పెడుతూ ఇటుకతోనూ, తాడు పడుతూ తాడుతోనూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. "ఇటు జరుగు నాయనా, ఆఁ, అంతే, కూర్చో" అన్నాడంటే అది పక్కనున్న మనిషితో కాదు, గోడతో. నన్ను చూసేసరికి మాత్రం ఆయనకి మాట రాలేదు. తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

తలుపులు లేని గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. గోడలు ఇంకా పూర్తిగా లేవలేదు కాబట్టి ఒక గదిలో నిలబడితే అన్ని గదులూ కనిపిస్తున్నాయి. నేలంతా కలుపు మొలిచి, కొంత పచ్చగా, కొంత ఎండి ఉంది. ఎడమవైపు వెనక గదిలో మరీ దట్టంగా ఉంది.

"ముందు ఇందులోది పీకించాలి" అన్నాడు మేస్త్రి. తర్వాత, పని ధ్యాసలో పడి, "ఈ గది ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"మాది" అన్నాను.

అన్నాక ఆ మాట సరిచెయ్యాలో వద్దో తెలియలేదు. మేస్త్రి అటు తిరిగి గోడతో ఏదో గొణిగాడు. నేను వంగి కలుపు పీకడం మొదలుపెట్టాను. చేతులు పనిలో ఉంటే ముఖాన్ని ఎవరూ పట్టించుకోరు.

గోడలు తడపడం నా వంతైంది. పొద్దున్నే పైపు పట్టుకుని గది తర్వాత గది తడిపేదాన్ని. ఎండకి కాలిన ఇటుక మీద నీళ్ళు పడగానే సుర్రుమనేది. మొదటి తడుపుకి ఒక్క చుక్క కిందికి జారేది కాదు, అంతా తాగేసేది. మళ్ళీ తడపాలి. గోడ ఇక నావల్ల కాదన్నట్టు నీళ్ళు వదిలేదాకా తడపాలి. అక్కడినుంచి ఇంటికొచ్చి, రెండు మెతుకులు తిని, చీర అంచుకంటిన సిమెంటు దులుపుకుని డ్యూటీకి పోయేదాన్ని.

ల్యాబ్‌లో ఒకావిడకి సూదంటే భయం. ఆ భయం మర్చిపోవడానికి నాతో మాటలు కలిపింది. ఊరేమిటి, పిల్లలెంతమంది అని అడిగి, చివరికి, "మీవారేం చేస్తారు?" అంది.

"ఇల్లు కట్టిస్తున్నారు" అన్నాను.

"అదృష్టవంతురాలివి" అంది ఆవిడ, ముఖం అటు తిప్పుకుని.

రాత్రి ఇంటికి రాగానే మామయ్య, "ఎంతవరకొచ్చింది?" అని అడిగేవారు. కిటికీల పైదాకా వచ్చిందనో, కంకర దిగిందనో చెప్పేదాన్ని. ఆ మాట మొదలవగానే అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. కానీ వంటింట్లో చప్పుడు ఉండేది కాదు. గుమ్మం పక్కన నేల మీద ఆవిడ నీడ కనిపించేది, మా మాటలు అయ్యేదాకా.

శ్లాబు వేసిన రోజు నేను డ్యూటీకి సెలవు పెట్టాను. మామయ్య కూడా వచ్చారు. ఎదురింటి నీడలో ఆయనకి కుర్చీ వేశాం. కాంక్రీటు కలిపే యంత్రం మోతకి ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. కింది నుంచి పైదాకా వరసగా మనుషులు నిలబడి చేతుల మీదుగా తట్టలు అందిస్తున్నారు. మామయ్యకి కూర్చోబుద్ధి కాలేదు. కంకర లారీ వెనక్కి వస్తుంటే వెళ్ళి దాని వెనక నిలబడి, "రానీ, రానీ, కొంచెం ఎడమకి, రానీ" అంటూ చేతులు ఊపారు. లారీ వెళ్ళిపోయాక తట్టలు మోసేవాళ్ళ దారికి అడ్డంగా నిలబడి వాళ్ళకీ అదే వరస. "రైట్, రైట్, పోనీ."

పైనున్న మేస్త్రికి ఓపిక నశించింది. "ఆ పెద్దాయన్ని కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టండర్రా, ఆయనుండగా ఈ శ్లాబు పడదు" అని గొంతు చించుకుని అరిచాడు. సరిగ్గా అప్పుడే యంత్రం ఆగింది. ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. తట్టలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మేస్త్రి నాలిక కరుచుకున్నాడు.

మామయ్య తలెత్తి పైకి చూశారు.

"ఒక్కసారి హారన్ కొట్టు బాబూ, నేనే పక్కకి జరుగుతాను" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెదవుల మీది నవ్వు కాదు. ఇటుకల దొంతి మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాను. నవ్వు ఆగాక తలెత్తి చూస్తే, ఎదురింటావిడ కిటికీలోంచి నన్నే చూస్తోంది.

నేను ఇంటికి వెళ్ళేసరికి ఆ నవ్వు నాకంటే ముందే చేరింది. అత్తయ్య వంటింట్లో గిన్నెలు తోముతోంది. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తుంటే, వెనక్కి తిరక్కుండానే, "నవ్వావట" అంది.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"తిట్టడానికి అడగడం లేదు." చేతిలో గిన్నె బోర్లించి, కొంగుకి చేతులు తుడుచుకుని అప్పుడు నా వైపు తిరిగింది. "ఎలా వచ్చిందే నవ్వు? నాకూ చెప్పు. నేనూ చూస్తున్నాను, నాకు రావడం లేదు."

హారన్ సంగతి చెప్పాను. మందు ఏ పూట ఎంత వేసుకోవాలో డాక్టరు చెబుతుంటే విన్నట్టు శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక, "అలాగా" అని మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది.

శ్లాబు ఆరేదాకా మిగతా పని ఆగింది. పైన మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టారు. పొద్దున్నే వెళ్ళి ఇగిరినంత మళ్ళీ నింపడమే నా పని. కింద గదుల నిండా శ్లాబుని మోస్తున్న కర్రలు, అడుగుకొకటి. వాటి మధ్యనుంచి వంగి వెళ్ళి, వెనక గదిలో ఒక మూల ఖాళీ సిమెంటు సంచి పరుచుకుని కూర్చునేదాన్ని. బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల చీకటి, చల్లదనం, పైనుంచి ఎప్పుడో ఒక చుక్క.

ఇంట్లో మేం ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. అత్తయ్య నా ముందు ఏడ్చేది కాదు, నేను అత్తయ్య ముందు ఏడ్చేదాన్ని కాదు, మామయ్య ఎవరి ముందూ ఏడవరు. ఇక్కడైనా ఏడుద్దామని కూర్చుంటే ఏడుపు రాలేదు. పోనీ మా ఆయనతో మాట్లాడదామనుకుంటే, కిటికీ ఊచలు ఇంకా రాలేదు, నీళ్ళ కుళాయి ఎటుపక్క పెట్టమంటారు, ఇవే నోటికి వచ్చేవి. పెళ్ళైనప్పటినుంచీ మేం మాట్లాడుకున్నవి మాత్రం ఇంతకంటే ఏమున్నాయి అనిపించేది. జవాబు రాదని తెలిసినా, అడిగాక కాసేపు ఆగేదాన్ని.

కర్రలు తీసేసిన రోజు అందరూ సంబరపడ్డారు. నాకు దిగులేసింది. లోపలికి వెలుతురు వచ్చేసింది. ఇల్లు ఇల్లులా కనబడింది. అలా కనబడగానే, ఏ గదిలో ఎవరన్న మాట పైకి వచ్చింది.

ఆ వారమే మా మరిది వచ్చాడు. మంచి పిల్లవాడు. అన్న పోయాక ఎప్పుడొచ్చినా కారే కుళాయి, వెలగని బల్బు అన్నీ వెతికి వెతికి బాగుచేసి వెళ్ళేవాడు. అతనికి అప్పుడే పెళ్ళి కుదురుతోంది. మామయ్యా, అతనూ, నేనూ కలిసి ఇల్లు చూడ్డానికి వెళ్ళాం.

"వదినా, ఒక మాటంటాను, ఏమీ అనుకోవుగా" అన్నాడు వెనక గదిలో నిలబడి. "ఈ గది పెద్దది. నువ్వొక్కదానివే కదా, హాలు పక్కన చిన్న గది ఉంది, అదైతే నీకు..." మాట మధ్యలో అతనికే తెలిసింది. "అంటే, ఊరికే అన్నాను. నువ్వెలా అంటే అలాగే."

"అందులో ఏముంది, ఆ గది నాకు చాలు" అన్నాను.

నిజంగానే అందులో తప్పేమీ లేదు. నువ్వొక్కదానివే అన్నదీ నిజమే. అంతవరకు ఎవరూ పైకి అనలేదు, అంతే.

మామయ్య మెల్లగా నడుచుకుంటూ చిన్న గదిలోకి వెళ్ళారు. పక్క సందు వైపున్న గోడని, బండి తీసేముందు టైరుని తట్టినట్టు, అరచేత్తో రెండు చోట్ల తట్టి చూశారు.

ఆ తర్వాత రెండ్రోజులు ల్యాబ్‌లో పని ఎక్కువై నేను వెళ్ళలేదు. మూడోరోజు వెళ్ళేసరికి ఆ గోడని బద్దలుకొడుతున్నారు. నేను తడిపిన గోడ. గట్టిపడింది, సమ్మెట దెబ్బకి కూడా ఇటుక ఒక పట్టాన ఊడటం లేదు.

"ఏంటిది?" అన్నాను.

"గుమ్మం పెట్టమన్నారమ్మా పెద్దాయన. సందులోకి, విడిగా." మేస్త్రి నా ముఖం చూసి సమ్మెట దించాడు. "మీకు చెప్పే ఉంటారనుకున్నానే."

"చెప్పారు" అన్నాను.

ఆ రోజు ఏ గోడా తడపలేదు. డ్యూటీలో ఒక ముసలాయనకి రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. "పర్లేదమ్మా, నిదానంగా చూడు" అని ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. విడిగా గుమ్మం ఎవరికి పెడతారు? అద్దెకుండేవాళ్ళకి పెడతారు. రాకపోకలు ఇంట్లోవాళ్ళకి తెలియనక్కర్లేని వాళ్ళకి పెడతారు. మామయ్య నా ఎదురుగా కూర్చుని భోజనం చేశారు, ఎంతవరకొచ్చిందని ఎప్పటిలాగే అడిగారు. "బాగానే జరుగుతోంది" అన్నాను. ఆయన చెబుతారని నేను చూశాను. నేను అడుగుతానని ఆయన చూశారో ఏమో. ఇద్దరం మంచినీళ్ళు తాగి లేచాం.

అత్తయ్యకి కూడా ఎవరి ద్వారానో తెలిసింది. "ఆ గది అద్దెకిస్తారటా?" అంది నాతో.

"నాకు తెలీదత్తయ్యా."

"నిన్నూ అడగలేదా?" అంది.

గోడలకి సిమెంటు పూతలయ్యాయి. నేల వేశారు. రంగులవాడు వచ్చి గదిగదికీ ఏ రంగని అడిగాడు. చిన్న గది దగ్గరికొచ్చేసరికి, "ఏదో ఒకటి వెయ్యి" అన్నాను. ఆ గదిలోకి వెళ్ళడం మానేశాను. మేస్త్రి కూడా అది గమనించాడు. ఆ గది పని ఏదున్నా నన్ను అడక్కుండా తనే తేల్చేవాడు.

తలుపులు బిగించే రోజుకి మొదటి వాన పడింది. వడ్రంగి పని ముగించుకుని, వాన పెద్దదయ్యేలోపల సైకిలెక్కి వెళ్ళిపోయాడు. చూడ్డానికొచ్చిన మామయ్యా, నేనూ ఆ ఖాళీ ఇంట్లో చిక్కుకుపోయాం.

"ఇలా రా అమ్మాయ్" అన్నారు చిన్న గదిలోంచి.

వెళ్ళాను. హాలుకీ గదికీ మధ్యనున్న తలుపు మూసి, దాని గడియ తీసి వేసి చూపించారు. "ఇది నీ వైపునే ఉంది చూడు. లోపలినుంచి వేసుకుంటే హాల్లోంచి ఎవరూ తియ్యలేరు. ఆ వడ్రంగి హాలు వైపు బిగించేశాడు. ఊడదీయించి ఇటు పెట్టించాను." తర్వాత జేబులోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "ఇది సందు వైపుదానికి. ఇంకోటి చేయించలేదు. ఇదొక్కటే."

"నన్ను విడిగా ఉండమంటున్నారా మామయ్యా?" అన్నాను.

ఆయన రంగు డబ్బా ఒకటి దగ్గరికి లాక్కుని దాని మీద కూర్చున్నారు.

"అలా అనుకున్నావా ఇన్నాళ్ళూ?"

"మరేమనుకోవాలి?"

"నాకు చెప్పడం రాదమ్మాయ్. బస్సులో కూడా చెప్పడం, అరవడం అంతా కండక్టరు పని. నేను ముందుకి చూసి నడిపేవాణ్ణి." మోకాళ్ళు రుద్దుకున్నారు. "నీది చిన్న వయసు. జీవితమంతా మాతోనే ఉండిపొమ్మని అడిగే హక్కు మాకు లేదు. వెళ్ళమని చెప్పడానికి నాకు నోరు రాదు. రేపెప్పుడో నీకు వెళ్ళాలనిపిస్తుంది. ఉద్యోగానికో, ఇంకో మనిషి దగ్గరికో, ఎక్కడికో నాకు తెలీదు. హాల్లోంచి వెళ్ళాలంటే అక్కడ మీ అత్తయ్య కూర్చుని ఉంటుంది. ఆవిడ ముఖం చూస్తే నీకు కాలు కదలదు. నిన్ను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నువ్వు వెళ్ళవు. అందుకని పెట్టించాను."

"నాకు వెళ్ళాలని లేదు."

"ఇవాళ లేదు" అన్నారు. "ఎప్పటికీ లేకపోతే మంచిదే. తలుపేగా, మూసి ఉంటుంది."

ఆయన మంచే ఆలోచించారు. నాకది అర్థమైంది. అయినా ఆ పూట నాకు అనిపించినంత ఒంటరిగా మా ఆయన పోయిన రోజున కూడా అనిపించలేదు. ఆ రోజు ఇంట్లో అందరికీ ఒకటే దుఃఖం. ఇప్పుడు నాకొక్కదానికే వేరే దారి ఉంది.

వాన తెరిపిచ్చాక ఇద్దరం ముందు గుమ్మంలోంచే బయటికొచ్చాం. దారిలో బురద ఉంటే మామయ్య నా భుజం పట్టుకుని నడిచారు.

వానలు పూర్తిగా అందుకోకముందే ఆ ఇంట్లోకి మారిపోయాం. మరిది, అతని స్నేహితులు సామాను దింపారు. అత్తయ్య అందరికంటే చివర వచ్చింది. గేటు దగ్గర కాసేపు ఆగి, చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. ఎవరూ ఏమీ చూపించలేదు, చెప్పలేదు. తనే ఒక్కో గదీ తిరిగింది. వెళ్ళినచోటల్లా గోడకి చెయ్యి ఆనించి నడిచింది. వెనక గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "వెలుతురు బాగా వస్తోంది" అని, వంటింటి సామాను మూటలు విప్పడంలో పడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చారు. నేను నా గదిలో మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. హాలు వైపు తలుపు మీద ఎవరో తట్టారు.

మా పాత అద్దె ఇంట్లో చెక్క ఉబ్బి మా గది తలుపు ఎప్పుడూ పూర్తిగా పడేది కాదు. అత్తయ్య సగం మాట వంటింట్లో మొదలుపెట్టి మిగతా సగం మా గదిలోకి వచ్చి ముగించేది. నేను ఉన్నానో లేదో కూడా చూసుకునేది కాదు. తట్టడం ఆవిడకి తెలీదు.

"తీసే ఉందత్తయ్యా" అన్నాను.

"నువ్వు తియ్యి."

లేచి తీశాను. చంకలో దిండు పెట్టుకుని నిలబడి ఉంది.

"మీ మామయ్య గురక" అంది. "కొత్త గోడలు కదా, ఒకటికి రెండుగా వినబడుతోంది."

మడతపెట్టిన బట్టలు కుర్చీ మీదికి మార్చాను. మంచం చిన్నది. ఆవిడ గోడ వైపు పడుకుంది, ఇవతల నేను. గదంతా రంగు వాసన. ఫ్యాను కొత్తది కావడంతో చప్పుడు లేకుండా తిరుగుతోంది. నిద్రపోయిందనుకున్నాను.

"అటు గడియ వేశావా?" అంది, సందు వైపు తలుపుని చూస్తూ.

"వేశాను."

"ఎందుకు పెట్టించారో ఆయన నిన్న చెప్పారు నాకు." మళ్ళీ పైకి చూసింది. "ఆ పూట ఆ మనిషికి అన్నం పెట్టబుద్ధి కాలేదు. పెట్టాననుకో."

బయట సందులోంచి ఎవరో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా అత్తయ్య ఆగింది.

"వెళ్ళేటప్పుడు నన్ను లేపి చెప్పు" అంది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కడికైనా. చెప్పకుండా వెళ్ళినవాడు ఒకడు చాలు."

"సరే" అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ ఇంట్లో ఇంకో మూడేళ్ళున్నాను. తర్వాత వేరే ఊళ్ళో పెద్ద ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేది పొద్దున్నే మొదటి బస్సుకి. మామయ్యకీ, మరిదికీ, తోడికోడలికీ ముందురోజే చెప్పాను. తెల్లారగానే తయారై అత్తయ్యని లేపుదామని హాల్లోకి వెళితే ఆవిడ పక్క ఖాళీగా ఉంది. వంటింట్లోనూ లేదు. పెట్టె తీసుకుని సందు వైపు తలుపు తీశాను. బయట మెట్టు మీద కూర్చుని ఉంది, తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని. నన్ను చూసి లేచి, పెట్టెకి రెండో వైపు చెయ్యి వేసింది.